గీత పడని పసుపు గుడ్డ

బట్టల కొట్లో ఆమెను అందరూ గుండుసూది అంటారు. వెక్కిరింపుగా మొదలైన పేరు పద్నాలుగేళ్లలో అరిగి అరిగి మామూలు పేరైపోయింది. పనిలో ఉన్నంతసేపూ ఆమె పెదాల మధ్య అయిదారు సూదులుంటాయి. నోరు తెరిస్తే రాలతాయి కనుక "ఊఁ" అన్న ఒక్క శబ్దంతోనే పని నడుపుతుంది. ఒక ఊఁకి నిచ్చెన జరపమని అర్థం. ఇంకో ఊఁకి లైటు ఆర్పమని. సాగదీసిన ఊఁకి మాత్రం ఎవరు ముట్టుకున్నారు దీన్ని అని అర్థం.

రోడ్డు వైపు షోకేస్ ఆమెది. పదహారు అడుగుల అద్దం, లోపల నాలుగు బొమ్మలు. బొమ్మకు గుడ్డ చుట్టి, మడత పెట్టి, సూది గుచ్చి బయటికి వస్తుంది. రోడ్డు దాటి ఎదుటి మందుల షాపు మెట్టెక్కి చూస్తుంది. మళ్లీ రోడ్డు దాటి వచ్చి మడతను వేలెడంత జరుపుతుంది. మళ్లీ మందుల షాపు. ఆ దారిన తిరిగే బస్సు డ్రైవర్లు ఆమెను చూస్తే హారన్ కొట్టరు, ఆగుతారు. కొట్టినా వినదని వాళ్లకు తెలుసు.

పనిలో చేరిన రోజు యజమాని రెండే మాటలు చెప్పాడు. ముందు నుంచి చూసేవాడికి ఒక్క సూదీ కనపడకూడదు. వెలిసిన గుడ్డ అద్దంలో ఒక్క పూట కూడా ఉండకూడదు. మొదటి మాట వల్ల ఆమె బొమ్మలు ముందు నుంచి రాణులు, వెనక నుంచి ముళ్లపందులు. రెండో మాట వల్ల ఆమె కళ్లు రంగు తగ్గిన గుడ్డను రోడ్డవతల నుంచే పట్టేస్తాయి. పట్టిన వెంటనే చేతులు దాన్ని ఊడదీస్తాయి, కొత్త తానులోంచి కత్తిరించిన ముక్క పెడతాయి, పాతదాన్ని మెట్ల కింది గోనెసంచిలో పడేస్తాయి. మెదడుకు ఆ కబురు తర్వాతెప్పుడో అందుతుంది. ఆ సంచిని శుక్రవారం శుక్రవారం సందు చివరి గ్యారేజీవాళ్లు పట్టుకుపోతారు, చేతులు తుడుచుకోవడానికి.

ఇంట్లో కూడా ఆమెకు కుదురుండదు. పిల్లి తన పిల్లల్ని తిప్పినట్టు కుర్చీలను గది గదికీ తిప్పుతుంది. యంత్రాలతో పాటు డబ్బాలో పెట్టి ఇచ్చే వాడుక పుస్తకాలు రాయడం భర్త వృత్తి. పని ఇంట్లోనే. కూర్చునే ముందు వెనక్కి చెయ్యి చాచి కుర్చీ ఉందో లేదో తడుముకోవడం అతనికి అలవాటైంది.

వాళ్లకు ఒక్కతే కూతురు, పదేళ్లది. రెండేళ్లు బడికి వెళ్లింది. మొదటి ఏడు గలగలా మాట్లాడుతూ వెళ్లి, రెండో ఏడు మూగగా తిరిగొచ్చింది. ఒంట్లో ఏమీ లేదని డాక్టరు చెప్పాడు. ప్రశ్నలడిగితే బెంచీ ఎక్కిస్తున్నారని పిల్ల ఆర్నెల్ల తర్వాత చెప్పింది. ఆ మర్నాటి నుంచి తండ్రే చదువు చెబుతున్నాడు, ఉదయం నాలుగు గంటలు, వంటింటి బల్ల మీద. పిల్లకు మాట తిరిగొచ్చింది. ఒకసారి వచ్చాక ఆపడం కష్టమైంది.

అందుకు తల్లి సంతోషించింది, కానీ నిద్ర మాత్రం తగ్గింది. బడిలో ఉన్నప్పుడు నెలకో మార్కుల కాగితం వచ్చేది. మంచివైనా చెడ్డవైనా అవి అంకెలు, నలుగురికీ చెప్పుకోవచ్చు. ఇప్పుడు పక్కింటావిడ మీ అమ్మాయికి ఎన్ని వచ్చాయని అడిగితే చెప్పడానికి అంకె లేదు. చదువు ముందుకు పోతోందో, ఉన్నచోటే గిర్రున తిరుగుతోందో చూడాలంటే ఏ మందుల షాపు మెట్టెక్కాలో ఆమెకు తెలియలేదు.

అలాంటి సమయంలో సైన్సు ప్రదర్శన సంగతి వచ్చింది. ఇంట్లో చదువుకునే పిల్లల కోసం లైబ్రరీ హాల్లో ఒక శనివారం పెడుతున్నారు. పెట్టేది ఒక రిటైర్డ్ ల్యాబ్ అసిస్టెంటు. ముప్పయ్యేళ్లు కాలేజీలో గాజుసీసాలు కడిగి, పగిలినవి లెక్క రాసిన మనిషి. పిల్లలు ఆయన్ని ల్యాబు తాతగారంటారు. ఆయన పంపిన కాగితంలో నాలుగు వాక్యాలున్నాయి. బహుమతులు లేవు. న్యాయనిర్ణేతలు లేరు. వచ్చినవాళ్లు మార్కులు వెయ్యరు, ప్రశ్నలు రాసి డబ్బాలో వేస్తారు. పని పిల్లలే చెయ్యాలి.

భర్తకు ఆ కాగితం నచ్చింది. ఆమె దాన్ని రెండు వైపులా తిప్పి చూసింది, వెనకాలైనా ఫస్టూ సెకండూ ఉంటాయేమోనని.

భర్త అక్క పెద్ద బడిలో లెక్కల టీచరు. పిల్లను బడి మాన్పించిన రోజు నుంచి ఆవిడ ఈ ఇంటికి వచ్చినప్పుడల్లా కాఫీ సగమే తాగి లేస్తుంది. ప్రదర్శన గురించి చెబితే ఆ సగం కూడా తాగలేదు.

"ఫస్టు లేదు, సెకండు లేదు. అందరూ గెలిచినట్టా, అందరూ ఓడినట్టా అమ్మాయ్?" అంది. తర్వాత పిల్ల ఏం చేస్తోందని అడిగి తెలుసుకుంది. "ఎండలో పెడితే గుడ్డ వెలుస్తుందని కనిపెట్టడానికి నలభై రోజులా? కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. సరే, శనివారం వస్తాన్లే. ఎలుకను చూస్తాను."

ఆ మాట పడ్డాక ఆమె కాలుగాలిన పిల్లి అయిపోయింది.

పిల్లకు ఆ ఆలోచన వచ్చింది తల్లి పని వల్లే. ఏ రంగు ముందు వెలుస్తుందమ్మా అని ఒకరోజు అడిగితే, సూదులు నోట్లో ఉండి "ఊఁ" అంది. పిల్ల ఆ ఊఁతో ఊరుకోలేదు. కొట్టునుంచి పన్నెండు రంగుల ముక్కలు తెప్పించుకుంది. ఒక్కొక్కటి జానెడు పొడవు. ఒక్కోదాని వెనక పెన్నుతో ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు వేసింది. ఎండ పడే కిటికీకి వరసగా అంటించి, ప్రతి ముక్కకూ కింది సగం మీద అట్ట కప్పింది. ప్రతి రంగులోనూ బొటనవేలంత చిన్న ముక్క కత్తిరించి, బిస్కెట్ల డబ్బాలో వేసి మూత పెట్టింది. నలభై రోజులు ఆ కిటికీ తెరవడానికి వీల్లేదంది. వంటింట్లో ఉడికిపోతూ ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నారు.

నలభై రోజులు నిండాక, ప్రదర్శన వారం మంగళవారం నాడు తండ్రీ కూతుళ్లు అట్టలు తీశారు. పదకొండు ముక్కల మీద, అట్ట ఉన్నచోటుకూ లేనిచోటుకూ మధ్య కత్తితో కోసినట్టు గీత. పైన వెలిసిన రంగు, కింద అసలు రంగు. పన్నెండోది, పసుపుది, అలా లేదు. పై సగం వెలిసింది, కింది సగం కూడా వెలిసింది. గీతే లేదు. పిల్ల డబ్బాలోని చిన్న పసుపు ముక్క తీసి పక్కన పెట్టి చూసింది. తేడా కొట్టొచ్చినట్టుంది. అట్ట కింద, వెలుతురు తగలని చోట, రంగు ఎలా పోయింది? ఆ రోజు పిల్ల అన్నం కూడా నిలబడే తింది. ఎరుపు గురించి నోటుబుక్కులో అరపేజీ రాసింది, నీలం గురించి అరపేజీ. పసుపు గురించి నాలుగు పేజీలు రాసి చివర "తెలియదు" అని రాసి కింద రెండు గీతలు గీసింది.

తల్లి ఆ రోజు కొట్లో ఉంది. ఆ నోటుబుక్కు తెరిచి చూడలేదు.

గురువారం ఆమెకు సెలవు. తండ్రీ కూతుళ్లు హాల్లో బల్ల ఎంతుందో కొలవడానికి మధ్యాహ్నం లైబ్రరీకి వెళ్లారు. బోర్డు వంటింటి బల్ల మీద నిలబడి ఉంది. కొట్టు డబ్బాలు కోసి పిల్ల చేసిన మూడు మడతల అట్ట. దాని మీద పన్నెండు ముక్కలు, పిల్ల చేతిరాతతో చీటీలు. చీటీలు ఒకటి పైకి, ఒకటి కిందికి. అంచుల్లో దారాలు వేలాడుతున్నాయి.

దారాలు మాత్రమే కత్తిరిద్దామని కూర్చుంది. దారాలయ్యాక చీటీల వంకర కనిపించింది. చీటీలయ్యాక ముక్కల మధ్య దూరం ఒకేలా లేదని కనిపించింది. అన్నీ ఊడదీసి, సూదులు పెదాల మధ్య పెట్టుకుని, స్కేలు పెట్టి మళ్లీ గుచ్చడం మొదలుపెట్టింది. మధ్య మధ్య గుమ్మం దాటి వరండా చివరికి వెళ్లి అక్కడినుంచి చూసింది. వదినగారు శనివారం ఎంత దూరంలో నిలబడతారో ఊహించుకుని అక్కడ నిలబడి చూసింది. పదకొండు ముక్కలూ చక్కగా కళ్లకు కడుతున్నాయి. పన్నెండోది నిర్జీవంగా ఉంది. టేపు జిగురు మరక, పాలిపోయిన రంగు, గీత లేదు, ఏమీ లేదు. కళ్లు పట్టేశాయి. చేతులు ఊడదీశాయి. బ్యాగులో అదే తాను ముక్క ఇంకోటి ఉంది. జానెడు కత్తిరించి, ఇస్త్రీ చేసి, గుచ్చింది. పాతదాన్ని దారాలతో పాటు చుట్టి బ్యాగులో వేసుకుంది. ఇంట్లో తేలిన పీలికలను కూడా కొట్టు సంచిలోనే వెయ్యడం ఆమె అలవాటు.

మళ్లీ వరండా చివరికి వెళ్లి చూసింది. బోర్డు కళకళలాడుతోంది. పెదాల మధ్య సూదులు అయిపోయాయి. ఆ వారంలో మొదటిసారి కాసేపు కదలకుండా కూర్చుంది.

సాయంత్రం పిల్ల వచ్చేసరికి బోర్డు మీద పాత దుప్పటి కప్పి ఉంది. చీటీల జిగురు ఆరాలి, రేపు చూద్దువుగాని అంది. పిల్ల దుప్పటి చుట్టూ రెండుసార్లు తిరిగి ఊరుకుంది.

శుక్రవారం పొద్దున కొట్టుకి రాగానే బ్యాగులోని పీలికలను గోనెసంచిలో పడేసింది. పదకొండు గంటలకు కొట్టుకి ఫోన్ వచ్చింది. భర్త.

"ఏమోయ్, పసుపు ముక్క మార్చావా?"

"అది వెలిసిపోయిందండీ," అంది ఆమె.

ఆ మాట నోట్లోంచి బయటికొచ్చాకే ఆమె చెవికి చేరింది. పిల్ల డబ్బాలోని చిన్న ముక్కలను ఒక్కొక్కటే బోర్డు మీది ముక్కల కింద గుచ్చుతూ వచ్చిందనీ, పన్నెండో దగ్గర ఆగిపోయిందనీ, రెండు పసుపులూ అచ్చం ఒకేలా ఉన్నాయనీ, ఉండకూడదనీ అవతల అతను నెమ్మదిగా చెప్పాడు. ముక్క తిప్పి చూస్తే వెనక అంకె లేదన్నాడు. పాతది జాగ్రత్తగా తీసుకురమ్మన్నాడు.

ఆమె మెట్ల కిందికి పరుగెత్తింది. గోనెసంచి ఖాళీగా, మడతపెట్టి ఉంది. ఊడ్చే పెద్దమ్మ అక్కడే ఉంది.

"వాళ్లు పదింటికే ఎత్తుకుపోయారమ్మా. ఇవాళ శుక్రవారం కాదూ," అంది.

గ్యారేజీకి చెప్పుల్లేకుండా వెళ్లింది. షోకేస్‌లోకి ఎక్కేటప్పుడు విప్పిన చెప్పులు అక్కడే ఉండిపోయాయి. సంచిని అప్పటికే ఇనుప డ్రమ్ములోకి కుమ్మరించారు. ఆమె మోచేతుల దాకా చేతులు పెట్టి వెతుకుతుంటే, కారు కిందినుంచి మెకానిక్కు తల బయటపెట్టాడు.

"బంగారం పడిపోయిందా అక్కా?"

"గుడ్డ."

"గుడ్డలకేం కరువు. నచ్చింది తీసుకెళ్లు."

"పసుపుది. వెలిసిపోయింది. జానెడుంటుంది."

అతను నవ్వలేదు. కారు కిందినుంచి పూర్తిగా బయటికొచ్చి, తన జేబులోంచి వేలాడుతున్న గుడ్డను తీసి, వేళ్లతో విప్పాడు. "ఇక్కడికొచ్చాక అన్నీ ఒకటే రంగక్కా. ఇది పసుపేనేమో పొద్దున."

నల్లగా, జిడ్డుగా ఉంది. ఒక మూల మాత్రం గుడ్డ రంగు అటూ ఇటూ కానట్టు మిగిలింది. తిప్పింది. మసి కింద పిల్ల రాత, పన్నెండు. ఒకటి కనిపిస్తోంది, రెండు సగం కనిపిస్తోంది.

కొట్లో సెలవు దొరికి ఇంటికి వచ్చేసరికి మూడైంది. పిల్ల బోర్డు ముందు కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఆమెకు అదే భయమేసింది. రెండో ఏడు బడినుంచి వచ్చినప్పుడు కూడా పిల్ల ఏడవలేదు.

గ్యారేజీ సంగతి చెప్పి గుడ్డను బల్ల మీద పెట్టింది. పిల్ల చూసింది. వేలితో ముట్టుకుని వాసన చూసుకుంది.

పిల్ల మౌనం ఆమెకు పడదు. మాటలు మొదలుపెట్టింది. కొట్లో ఒకసారి పాతకాలం బట్టల షోకేస్ కోసం కొత్త గుడ్డలను పాతవి చేసింది. టీ డికాషన్‌లో ముంచి, నీడన ఆరేసి, ఇస్త్రీ పెట్టె వెయ్యాలి. గంటలో పని. ముందు ఎంత వెలిసిందో పిల్ల చూపిస్తే సరిగ్గా అంతే వెలిసేలా చేస్తుంది, ఎవరూ కనిపెట్టలేరు, వదినగారు భూతద్దం పెట్టినా కనిపెట్టలేరు.

పిల్ల అప్పుడు మాట్లాడింది.

"అది నువ్వు చేసిన పాతమ్మా. ఎండ చేసిన పాత కాదు."

"చూడ్డానికి ఒకటేగా."

"నేను రేపు రాను," అంది పిల్ల. "బోర్డు నువ్వు చేసుకున్నావుగా. నువ్వే నిలబడు."

ఆమె భర్త వైపు చూసింది. అతను చేతిలోని కాగితాలు సర్దుకున్నాడు. ప్రపంచంలో ప్రతి యంత్రానికీ వాడుక పుస్తకం రాశానుగానీ దీనికి మాత్రం నా దగ్గర లేదన్నాడు.

ఆ తర్వాతి గంటలో ఆమె కడిగిన గిన్నెలు మళ్లీ కడిగింది. కిటికీ తెరిచింది, నలభై రోజుల తర్వాత ఇక అడ్డుచెప్పేవాళ్లు లేరు. గాలి వచ్చి బోర్డు కదిలితే మూసింది. కుర్చీ ముందు గదిలోకి, మళ్లీ వెనక్కి. పిల్ల మళ్లీ మూగబోతే అన్న ఆలోచన ఆమె వెంట గది గదికీ తిరిగింది. బడిలో ఎవరో టీచరు వల్ల ఒకసారి జరిగింది. ఈసారి పేరు చెప్పడానికి బయటివాళ్లెవరూ లేరు.

నాలుగో సారి వంటింట్లోంచి వచ్చేసరికి పిల్ల నోటుబుక్కు తెరిచి, పెన్సిలు పట్టుకుని ఉంది.

"ఎందుకు తీశావు?" అని అడిగింది. కోపంగా కాదు. ఎరుపు ముక్కను ఎన్ని గంటలకు చూశావని అడిగినట్టు.

"మురికిగా ఉందని."

రాసుకుంది. "ఇంకా?"

"గీత పడలేదని."

రాసుకుంది. "ఇంకా?"

ఆమె బల్ల అంచు మీది పీలికను చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

"నీకు చేతకాలేదనుకుంటారని."

పెన్సిలు ఆగింది. "ఎవరు?"

"అందరూ. మీ అత్త."

"నాకు చేతకాకపోవడం కాదమ్మా. అది అలా అయింది. అదే నేను చెప్పాలనుకున్నది." పిల్ల నోటుబుక్కును తల్లి వైపు తిప్పింది. "చదివావా?"

ఆమె అప్పుడు కూర్చుని చదివింది. నాలుగు పేజీలు. అట్ట పలచనా, వేడా, జిగురా, తానులో లోపమా అని నాలుగు అనుమానాలు, ఒక్కోదాని పక్కనా అది ఎందుకు కాకపోవచ్చో. చివర "తెలియదు", కింద రెండు గీతలు. చదవడం అయ్యేదాకా ఆమె లేవలేదు.

"ఎన్ని గంటలకు తీశావు?" పిల్ల మళ్లీ పెన్సిలు పట్టుకుంది.

"మూడున్నర ఉంటుంది."

"మెకానిక్కు ఎప్పుడు తుడుచుకున్నాడు?"

"పది దాటాక."

పిల్ల అది కూడా రాసుకుని, నల్ల గుడ్డను రెండు వేళ్లతో ఎత్తి, బోర్డు మీద పన్నెండో స్థానంలో పెట్టి చూసింది. కొత్త పసుపు ముక్కను ఊడదీసి తల్లికి ఇచ్చింది.

"ఉతకనా?" అంది ఆమె.

"వద్దు."

"అంచులైనా కత్తిరించనా?"

"అమ్మా."

శనివారం హాల్లో పద్నాలుగు బల్లలు. ఒక పిల్లాడు ఉప్పునీళ్లలో గుడ్డు తేలుస్తున్నాడు. ఇద్దరు అక్కచెల్లెళ్లు తమ వీధిలో ఏ పిట్ట ఎన్ని గంటలకు అరుస్తుందో గడియారం బొమ్మ గీసి పెట్టారు. ఎవరికీ చప్పట్లు లేవు, మైకు లేదు. పెద్దవాళ్లకు ఎక్కడ నిలబడాలో తెలియక గోడల వెంట సర్దుకున్నారు. ఆమె గోడ దగ్గర కూడా నిలబడలేకపోయింది. తలుపు దాకా వెళ్లి చూసి వచ్చింది, కిటికీ దాకా వెళ్లి చూసి వచ్చింది. హాల్లో ఎక్కడినుంచి చూసినా మొదట కనపడుతున్నది ఆ నల్ల గుడ్డే. బ్యాగులో సూదుల డబ్బా ఉంది. కొత్త పసుపు ముక్క కూడా ఉంది. పిల్ల నీళ్లు తాగడానికి వెళ్లింది. మార్చాలంటే అర నిమిషం చాలు. ఆమె చెయ్యి బ్యాగులో ఉండగానే వదినగారు వచ్చారు.

వదినగారు కళ్లజోడు సర్దుకుని ఎడమనుంచి కుడికి, ఒక వాక్యం చదివినట్టు చూసుకుంటూ వచ్చి పన్నెండో ముక్క దగ్గర ఆగారు.

"ఇదేమిటి అమ్మాయ్, చేతిగుడ్డ ఇక్కడ మరిచిపోయారా?"

గుడ్డ కింద చీటీ ఉంది. పిల్ల రాతే, కాస్త వంకరగానే. "ఇది పసుపు. గురువారం మూడున్నరకు మా అమ్మ దీన్ని తీసి కొత్తది పెట్టింది. శుక్రవారం పది దాటాక మెకానిక్కు దీనితో చేతులు తుడుచుకున్నాడు. అందువల్ల దీని రంగు ఇప్పుడు చూపించలేను. మంగళవారం చూసింది నోటుబుక్కులో ఉంది. అట్ట కింద కూడా వెలిసింది. ఎందుకో తెలియదు."

వదినగారు అది చదివి, మళ్లీ మొదటినుంచి చదివారు. పిల్ల నీళ్ల దగ్గరినుంచి వచ్చింది. ల్యాబు తాతగారు, ఇంకో నలుగురు అప్పటికే బల్ల చుట్టూ చేరారు. పిల్ల ఎరుపు గురించి చెప్పింది, నీలం గురించి చెప్పింది, పన్నెండో దానికి వచ్చి ఆగింది.

"ఈ ముక్క సంగతి మా అమ్మ చెబుతుంది," అంది.

పద్నాలుగేళ్లుగా ఆమె పని మాట్లాడటం కాదు. నోట్లో సూదులు కూడా లేవు. బ్యాగులోంచి చెయ్యి తీసింది.

"నేనే తీశానండీ," అంది. "షోకేస్ పని నాది. వెలిసిన గుడ్డ కనిపిస్తే మార్చేస్తాను. ఇది వెలిసిపోవడానికే పెట్టిన గుడ్డ అని తెలుసు. తెలిసే మార్చాను. చెయ్యి ఆగలేదు."

ఎవరో చిన్నగా నవ్వారు. తాతగారు నవ్వలేదు. ఆయన నల్ల గుడ్డ మీదికి వంగి, మిగిలిన ఆ ఒక్క మూలను చూసి లేచాడు.

"ఏమ్మా, మీ కొట్లో పసుపును ఎన్నాళ్లకు మారుస్తావు?"

"ఎనిమిది రోజులకు," అంది ఆమె, ఆలోచించకుండా. "ఎరుపైతే పద్నాలుగు. నీలం ఇరవై దాకా ఆగుతుంది."

"పసుపెందుకంత తొందర?"

"మిగతావి పై మడతే పోతుందండీ. తిరగేసి మడిస్తే ఇంకో వారం లాగొచ్చు. మా కొట్లో పసుపు అలా కాదు, లోపలి మడత కూడా..."

ఆగిపోయింది. పిల్ల తల్లి వైపే చూస్తోంది, నోరు కొంచెం తెరిచి.

"నాకెప్పుడూ చెప్పలేదే," అంది పిల్ల.

"లోపలి మడత సంగతి ఎవరూ అడగలేదే. ఇప్పటిదాకా నాకే తెలియదు."

పిల్ల అప్పటికే నోటుబుక్కు తెరిచి రాసుకుంటోంది. లోపలి మడతకు వెలుతురు తగులుతుందా, తగలదా? ఎన్ని మడతలు? అద్దానికి ఎంత దూరం? ఆమె ఒక్కోదానికీ జవాబు చెప్పింది. కొన్నిటికి తెలియదంది. ఆ మాట అన్నప్పుడల్లా పిల్ల కింద రెండు గీతలు గీసింది.

వదినగారు ఈ గొడవంతా పట్టించుకోనట్టు, ప్రశ్నల డబ్బా పక్కన పెట్టిన చీటీల్లో ఒకటి తీసుకుని ఏదో రాశారు. డబ్బాలో వెయ్యకుండా పిల్ల చేతికే ఇచ్చారు. పిల్ల పైకి చదివింది. "మిగతా పదకొండూ ఎవరూ మార్చలేదని ఎలా తెలుసు?"

ఆమె ముఖం వేడెక్కింది. "నేను మార్చలేదు వదినగారూ."

"నిన్నెవరడిగారమ్మాయ్? పిల్లను అడిగాను."

పిల్ల ఒక్కో ముక్కకూ పై సూదులు తీసి వెనక్కి మడిచి చూపించింది. ఒకటి, రెండు, మూడు. వదినగారు కళ్లజోడు పైకి తోసి పదకొండు దాకా లెక్కపెట్టారు. పన్నెండో దగ్గర మసి కింది అంకెను గోటితో గీకి మరీ చూశారు.

"సరే," అన్నారు. తర్వాత ఎలుక సంగతి ఎత్తలేదు. కానీ మెచ్చుకోనూ లేదు. పిట్టల గడియారం బల్ల దగ్గరికి వెళ్లిపోయారు. అక్కడ ఏదో కూడిక తప్పుందని ఆ పిల్లలతో వాదిస్తూ చాలాసేపు ఉండిపోయారు.

సాయంత్రం ఇంటికొచ్చాక తమ బల్ల మీది ప్రశ్నల డబ్బా బోర్లించారు. పందొమ్మిది చీటీలున్నాయి. పదిహేను పసుపు గురించే. మార్కులు లేవు కానీ పందొమ్మిది అంకేనని ఆమె పక్కింటావిడతో చెప్పుకుంది. దేనికి పందొమ్మిదని పక్కింటావిడ అడిగింది. ప్రశ్నలంది. పక్కింటావిడకు అర్థం కాలేదు. ఆమె ఇంకా వివరించబోయి, నోట్లో సూదులున్నట్టు "ఊఁ" అని లోపలికి వచ్చేసింది.

సోమవారం నుంచి పసుపును పారెయ్యొద్దని పిల్ల చెప్పింది. ఏ రోజు పెట్టిందో ఏ రోజు తీసిందో చీటీ మీద రాసి గుచ్చాలి, మడత విప్పకుండా తేవాలి. ఆమె ఒప్పుకుంది.

సోమవారం పదింటికి మందుల షాపు మెట్టు మీద నిలబడి చూసింది. మూడో బొమ్మ భుజం మీది పసుపు తగ్గింది. రోడ్డు దాటి వచ్చింది, షోకేస్‌లోకి ఎక్కింది, సూదులు పీకి పెదాల మధ్య పెట్టుకుంది, కొత్త ముక్క చుట్టింది, దిగింది. మళ్లీ రోడ్డు దాటి మందుల షాపు మెట్టెక్కి చూసింది. బాగుంది.

అప్పుడు చేతుల వైపు చూసుకుంది. ఖాళీగా ఉన్నాయి.

ఈసారి పరుగున రోడ్డు దాటినప్పుడు బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. ఆమె మెట్ల కిందికి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, గోనెసంచిలో మోచేతుల దాకా చేతులు పెట్టి వెతకడం మొదలుపెట్టింది. ఊడ్చే పెద్దమ్మ చీపురు ఆపి ఏం పోయిందమ్మా అని అడిగింది.

"ఊఁ," అంది ఆమె. పెద్దమ్మ ఇంతకుముందు ఎప్పుడూ వినని ఊఁ అది.